ఫార్మాట్ కొట్టే ముందు

సికింద్రాబాద్

చిన్నా,

 

నువ్వు పంపిన ఫొటోలు చూశాను అల్లుడూ. తెనాలిలో డీటీపీ షాపు ఎత్తేసినప్పుడు అటకెక్కిన బావ సిస్టమ్‌ని దించి దుమ్ము దులుపుతున్నావంటే ముచ్చటేసింది. కానీ ఫొటోల కింద నువ్వు రాసిన ముక్క చదివి గుండె గుభేలుమంది. ఆదివారం ఫార్మాట్ కొట్టి విండోస్ 11 ఎక్కించేస్తావా? ఫోన్లో చెబితే రెండో మాటకే "సరే మామయ్యా, చూస్తాలే" అంటావు. అందుకే కాగితం తీసుకున్నాను. ఇది పూర్తిగా చదివేదాకా దానికి ప్లగ్గు పెట్టకు.

ఆ డబ్బాకి ఇవాళ బజార్లో విలువ లేదు. విలువంతా లోపలున్న 160 జీబీ డిస్కుది. బావ శుభలేఖలొక్కటే వేయలేదురా. బళ్ళ ప్రశ్నపత్రాలు, గుళ్ళ కరపత్రాలు, ఊళ్ళో పద్యకవులు సొంత డబ్బు పెట్టి అచ్చేయించుకున్న పుస్తకాలు, అన్నీ దాంట్లోనే కంపోజ్ అయ్యాయి. ఆ కవుల్లో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ళ పిల్లల దగ్గరైనా కాపీలున్నాయన్న నమ్మకం నాకు లేదు. బావేమో బ్యాకప్ తీసే రకం కాదని నీకూ తెలుసు. నువ్వు ఫార్మాట్ కొడితే పోయేది విండోస్ ఎక్స్‌పీ కాదు, అవన్నీ.

కాబట్టి మొదటి పని సిస్టమ్ లోంచి డిస్కుని ఊడదీయడం. ఆ డిస్కుతో సిస్టమ్ ఆన్ చేసి చూద్దామని కూడా అనుకోకు. ఏళ్ళ తరబడి తిరగని డిస్కు ఎంతసేపు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఎక్స్‌పీ బూట్ అవుతున్నంతసేపూ దాని మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. పైగా చెక్‌డిస్క్ దానంతటదే మొదలైందంటే పాడవుతున్న డిస్కుకి అదే చివరి దెబ్బ కావచ్చు. ఆ కాస్త ఆయుష్షునీ కాపీకి వాడుకో. సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ కొను. ఇది మూడున్నర అంగుళాల డిస్కు, దీనికి 12 వోల్టులు కావాలి. అందుకని విడిగా పవర్ అడాప్టర్ ఉన్నదే అడుగు. ల్యాప్‌టాప్ డిస్కులకి ఇచ్చే చిన్నది తెచ్చుకుంటే ఇది తిరగదు.

నీ ల్యాప్‌టాప్‌ని పెన్‌డ్రైవ్ లోంచి లినక్స్‌తో బూట్ చేసి ఆ డిస్కు తగిలించు. ముందు డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టు చూడు. రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అని రెండు లైన్లుంటాయి. రెండింటి ఎదురుగా సున్నా ఉంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. పెండింగ్ దగ్గర అంకె కనిపిస్తే ఫైళ్ళు ఒక్కొక్కటి తెరిచి చూసే సరదా మానుకుని నేరుగా డీడీరెస్క్యూ నడుపు. అది సులువుగా చదవగలిగిన భాగమంతా ముందు తీసేసుకుని, మొరాయించిన చోట్లకి తర్వాత తిరిగొస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాదు. ఆ మ్యాప్ ఫైలు పేరు ఇవ్వడం మాత్రం మర్చిపోకు, ఇవ్వకపోతే ఈ సుఖం లేదు. యూఎస్‌బీ 2 మీద 160 జీబీకి గంటన్నర పైనే పడుతుంది. డిస్కులోంచి టిక్కు టిక్కుమని చప్పుడొస్తే మాత్రం వెంటనే ఆపి నాకు ఫోన్ చెయ్యి. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఎవడైనా చెబితే వాడి మాట వినకు.

కాపీ చేతికొచ్చాక అసలు చిక్కు కనబడుతుంది. బావ పనంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉంటుంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. ఆ ఫైళ్ళని ఇప్పటి లిబ్రెఆఫీస్ తెరుస్తుంది. పేజీ, బోర్డరు, బొమ్మలు ఒకమాదిరిగా వస్తాయి. తెలుగుండాల్సిన చోట మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, ఎక్కడివో యూరప్ అక్షరాలు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు పాడైందని పారేసేవు సుమా. అను ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తలకట్టు, కొమ్ము, ఒత్తు ముక్కలు కూర్చిన ఫాంట్లవి. ఫాంటు లేనిచోట ఆ గడుల్లో అసలుండే అక్షరాలే పైకొస్తాయి. అందుకే విండోస్ ఫోల్డర్లోని ఫాంట్స్ మొత్తం కాపీ చేసి పక్కన పెట్టుకో. అనుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, వాడు. కాకపోతే ఒత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతాయి. బావ పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దితేగానీ ఆ పాఠం పనికిరాదు. శుభలేఖలన్నిటికీ ఇంత కష్టపడక్కర్లేదు. పద్యాల పుస్తకాలకి మాత్రం పడు.

ఉన్నదున్నట్టు పేజీ కావాలంటే ఎక్స్‌పీలోనే పేజ్‌మేకర్ తెరిచి పీడీఎఫ్ చేసుకోవడమే మార్గం. నువ్వు తీసిన కాపీ నుంచి ఎక్స్‌పీని వర్చువల్‌బాక్స్‌లో లేపే ప్రయత్నం చెయ్యి. హార్డ్‌వేర్ మారిందని నీలం తెర చూపిస్తే, కాపీ భద్రంగా ఉంది కాబట్టి అప్పుడు పాత డిస్కునే దాని సిస్టమ్‌లో పెట్టి నడుపుకోవచ్చు. నెట్ వైరు మాత్రం తగిలించొద్దు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2014 ఏప్రిల్ 8న ఆపేసింది.

ఇక మిషన్ సంగతి. నీ ఫొటోల్లో కనిపించింది జీ31 బోర్డు, కోర్ 2 డుయో ఈ7500. ఆ రోజుల్లో డీటీపీ వాళ్ళకి ఇది రాజాలాంటి సిస్టమ్. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, మిగిలిన కరెంటు పోయాక క్యాబినెట్ విప్పు. బల్లి గుడ్లుంటే ఆశ్చర్యపోకు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకో, గాలికి విపరీతంగా తిరగనిస్తే బేరింగ్ పోతుంది. పవర్ సప్లై డబ్బాని, అదే ఎస్‌ఎంపీఎస్‌ని, బయట్నించే ఊదు, విప్పకు. లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకి పైగా నిలవ ఉండొచ్చు. ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల నెత్తిన వేలు పెట్టి చూడు. చదునుగా ఉంటే మంచిది. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఆ బోర్డుకి కరెంటివ్వకు. అవే మైక్రోఫారడ్లు, అంతే వోల్టేజీ లేదా ఎక్కువ, 105 డిగ్రీల రకం చూసి టంకం పని తెలిసినవాళ్ళ చేత మార్పించు.

హీట్‌సింక్ దగ్గర తొందరపడకు. నాలుగు మూలలా నాలుగు నల్ల ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటి నెత్తిన బాణం గుర్తుంటుంది. ఆ వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగితే వదులుతాయి. కింద ఎండి సున్నంలా రాలే పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పెసరగింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టు. ప్రాసెసర్‌ని సాకెట్లోంచి కదిలించకు. ఈ రకంలో పిన్నులు బోర్డుకే ఉంటాయి, ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే. తిరిగి బిగించే ముందు నాలుగు పిన్నుల్నీ మొదటున్న వైపుకి తిప్పుకుని, ఎదురెదురు మూలల్లో ఉన్నవాటిని జతగా టక్కుమనేదాకా నొక్కు. తర్వాత బోర్డుని వెలుతురుకి పెట్టి వెనక వైపు చూడు. నాలుగు చోట్లా తెల్ల ప్లాస్టిక్ కాళ్ళు పూర్తిగా బయటికొచ్చి విచ్చుకుని ఉండాలి. మూడే దిగి నాలుగోది సగంలో ఆగిన సిస్టమ్‌లు నా దగ్గరికి బోలెడొచ్చేవి. ఆన్ చేస్తే అయ్యేవి, కాసేపటికి వేడెక్కి ఆగిపోయేవి. సొంతదారు మాత్రం వైరస్ అనుకునేవాడు.

డిస్‌ప్లే రాక కూ కూ అని మోత వస్తుంటే చాలామటుకు ర్యామ్ గొడవే. తీసి, బంగారు రంగు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టు. టైము ప్రతిసారీ పాత తేదీకి పోతుంటే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చు. ఇది చిన్న విషయం కాదు. తేదీ తప్పైతే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ ఏదీ తెరవనివ్వదు. నెట్ పాడైందనుకుని రౌటర్‌తో కుస్తీ పడతావు.

డబ్బు పెట్టాల్సింది రెండింటి మీదే. ఒకటి ఎస్‌ఎస్‌డీ. ఆ బోర్డు సాటా వేగం సెకనుకి 3 గిగాబిట్లే, కాబట్టి ఖరీదైనది దండగ, మామూలు 240 జీబీది చాలు. బయోస్‌లో ఏహెచ్‌సీఐ కోసం వెతక్కు, ఆ చిప్‌లో అది లేదు, ఐడీఈలోనే నడుస్తుంది. రెండోది ర్యామ్. జీ31 పట్టేది 4 జీబీయే. 2 జీబీ డీడీఆర్2 ముక్కలు రెండు సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవాలి. 4 జీబీ ముక్క ఒకటి చవగ్గా వస్తోందని ఎవరైనా చూపిస్తే లేబుల్ చదువు. ఏఎండీకి మాత్రమే అని ఉంటుంది, అది మన బోర్డులో పనిచేయదు. ముక్కలు నీకు చేరాక మెమ్‌టెస్ట్‌తో కనీసం ఒక పూర్తి రౌండు పరీక్షించు.

విండోస్ 11 మాట మర్చిపో. టీపీఎం తనిఖీని దాటించే చిట్కాలు నువ్వూ చూసే ఉంటావు. అవి టీపీఎంని దాటిస్తాయిగానీ ప్రాసెసర్‌ని మార్చవు. 2024లో వచ్చిన దాని 24హెచ్2 వెర్షన్‌కి పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ తప్పనిసరి, అది కోర్ 2లో లేదు కాబట్టి బూటే కాదు. విండోస్ 10 సాధారణ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. లినక్స్ మింట్ 22, ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వెయ్యి. దానికి 2029 దాకా అప్‌డేట్లొస్తాయి. బోర్డులో ఉన్నది పాత బయోస్ కాబట్టి రూఫస్‌లో ఎంబీఆర్ ఎంచుకుని పెన్‌డ్రైవ్ తయారుచేసుకో. రాతపని, లెక్కల షీట్లు, మెయిళ్ళు హాయిగా నడుస్తాయి. వీడియోలు 480పీ దగ్గర ఉంచు, ఆ గ్రాఫిక్స్‌కి ఇప్పటి వీడియో ఫార్మాట్లు తెలియవు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

తెలుగు విషయంలో ఒక శుభవార్త. బావ వేళ్ళకి అలవాటైంది అనులోని యాపిల్ కీబోర్డు. మింట్‌లో ఐబస్, దాంతోపాటు ఎం17ఎన్ ప్యాకేజీ పెడితే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు యాపిల్ లేఅవుట్ కూడా వస్తుంది. ఈసారి పడే అక్షరాలు యూనికోడ్‌లో ఉంటాయి. కొన్ని మీటల్లో తేడాలుంటే చూసుకోమను. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు కూడా వేసిపెట్టు.

ఇరవై నాలుగ్గంటలూ ఆన్‌లో ఉంచి ఇంటికి సర్వర్ చేస్తానని రాశావే, అది నాకు నచ్చలేదు. ఊరికే ఉన్నా 60 వాట్లు లాగిందనుకో, రోజుకి 1.4 యూనిట్లు, నెలకి 43. అంత బిల్లు కట్టి పాత సామాను పోషించడం తెలివి కాదు. బావ టైపు చేసుకునే మిషన్‌గా ఉంచు, చాలు. పని అయ్యాక షట్‌డౌన్ చెయ్యి. పనికిరాకుండా మిగిలిన ముక్కల్ని పాత సామానువాడికి వేయక, ఈ-వేస్ట్ తీసుకునే అనుమతి ఉన్న వాళ్ళకే ఇవ్వు.

ఆదివారం డిస్కు ఊడదీసి, స్మార్ట్ రిపోర్టు ఫొటో తీసి పంపు. అది చూశాకే ఇక్కడి సీటీసీ కంప్యూటర్ బజారుకి వెళ్ళి ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ నేనే కొని కొరియర్ చేస్తాను, నువ్వు కొనొద్దు. కాపీ పూర్తయ్యేదాకా పాత డిస్కు జోలికి ఎవర్నీ రానివ్వకు, బావని కూడా.

ఇట్లు,
మీ మామయ్య