సింక్ ఆన్ చేసేముందు డైరెక్టరీ సరిచేయండి

ఆఫీసు సర్వర్‌లోని యాక్టివ్ డైరెక్టరీని మైక్రోసాఫ్ట్ 365కి కలపమని మేనేజర్ చెప్పారంటే, గడువు కూడా ఆయనే పెట్టేసి ఉంటారు. ఆ రెండిటినీ సింక్ చేసే ఎంట్రా కనెక్ట్ ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పనేం కాదు. అందుకే చాలామంది ముందు సింక్ పెట్టేసి, తప్పులు తర్వాత చూసుకుందామనుకుంటారు. అలా చేయకండి. డైరెక్టరీలో ఏళ్లుగా పేరుకున్న గందరగోళమంతా క్లౌడ్‌కి చేరిపోతుంది.

మొదట లాగిన్ పేర్లు చూడండి. పాత నెట్‌వర్కుల్లో డొమైన్ చాలాచోట్ల డాట్ లోకల్ అని ఉంటుంది. దాన్ని క్లౌడ్‌లో వెరిఫై చేయడం కుదరదు. అలాగే సింక్ చేస్తే ఉద్యోగి లాగిన్ చివర ఆన్‌మైక్రోసాఫ్ట్ డాట్ కామ్ వస్తుంది, తన ఈమెయిల్ కొట్టి లాగిన్ కాలేక మీకు ఫోన్ చేస్తారు. కంపెనీ డొమైన్‌ని యూపీఎన్ (లాగిన్ పేరు) సఫిక్స్‌గా చేర్చి అందరికీ ముందే మార్చండి. ఐడీఫిక్స్ టూల్ నడిపితే డూప్లికేట్ అడ్రసులు, చెల్లని అక్షరాలు బయటపడతాయి.

క్లౌడ్‌లో ఇప్పటికే మెయిల్ వాడుతున్నవాళ్లుంటే ఇంకో చిక్కు. అకౌంట్స్ సెక్షన్‌లో ఒకామె ఉన్నారనుకోండి. ఆఫీసు డైరెక్టరీలో ఆమె మెయిల్ కాలమ్ ఖాళీ, యూపీఎన్ కూడా వేరు. రెండు చోట్లా ఉన్నది ఒకే మనిషని సింక్‌కి తెలిసే దారి లేదు, రెండో అకౌంటు పుడుతుంది. పాత మెయిలంతా మొదటిదాంట్లో, ఆఫీసు పాస్‌వర్డేమో రెండోదానికి. మొదటి సింక్‌కి ముందే ఆమె ప్రైమరీ ఈమెయిల్ అడ్రసు డైరెక్టరీలో నింపితే ఈ తలనొప్పి ఉండదు. అడ్మిన్ అకౌంటు ఒకటైనా సింక్‌తో సంబంధం లేకుండా క్లౌడ్‌లోనే ఉంచండి. సర్వర్ పడిపోయినా లోపలికి వెళ్లే దారి ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం ఓయూల (డైరెక్టరీలోని ఆర్గనైజేషనల్ యూనిట్ల) దగ్గర జరుగుతుంది. దీర్ఘకాలిక సెలవులో ఉన్న ఉద్యోగిని ఎవరో సర్దుబాటు కోసం సింక్‌లో లేని ఓయూలోకి జరుపుతారు. తర్వాతి సింక్‌లో, అంటే మామూలుగా 30 నిమిషాల్లోపే, క్లౌడ్ అకౌంటు డిలీట్ అవుతుంది, మెయిల్ ఆగిపోతుంది. 30 రోజుల్లోపు మళ్లీ పాత ఓయూలో పెట్టి సింక్ చేస్తే తిరిగొస్తుంది. గడువు దాటితే రాదు. పొరపాటు డిలీట్లను ఆపే పరిమితి ఒకటి ఉంది కదా అని ధీమాగా ఉండకండి, డిఫాల్ట్‌గా అది 500. రెండొందల మంది ఉన్న కంపెనీలో అందరూ పోయినా అది అడ్డుపడదు. మీ సంఖ్యకు తగ్గట్టు తగ్గించండి. కొత్త కాన్ఫిగరేషన్ ఏదైనా ముందు స్టేజింగ్ మోడ్‌లో నడపండి, అందులో క్లౌడ్‌కి ఏదీ వెళ్లదు. ఎవరు చేరతారో, ఎవరు పోతారో లిస్టు తీసి, పేరుపేరునా చూశాకే అసలు సింక్ మొదలుపెట్టండి.

ఉద్యోగం మానేసేవాళ్ల విషయంలో టైమింగ్ ముఖ్యం. పాస్‌వర్డ్ హ్యాష్ సింక్ పెట్టుకుంటే పాస్‌వర్డ్ మార్పులు 2 నిమిషాలకోసారి వెళ్తాయి గానీ, అకౌంటు డిసేబుల్ చేసిన సంగతి మామూలు సింక్‌తోనే వెళ్తుంది. ఈలోగా మానేసినవాళ్ల ఫోన్‌లో మెయిల్ తెరుచుకునే ఉంటుంది. డిసేబుల్ చేయగానే సింక్‌ని చేత్తో నడిపి, ఎంట్రా అడ్మిన్ సెంటర్‌లో సెషన్లు రివోక్ చేయండి. చివరి పనిదినం ఎప్పుడో హెచ్‌ఆర్ నుంచి ముందురోజే ఈమెయిల్‌లో తెప్పించుకోండి, నోటిమాట మీద ఎవరి అకౌంటూ ఆపకండి.