బిల్లు ఎక్కడ ఆగుతోంది?

ప్రశ్న: మా బిల్లింగ్ ప్రోగ్రామ్ లైనక్స్ మీద నడుస్తుంది. రద్దీ వేళ ఒక్కో బిల్లు సేవ్ కావడానికి రెండు మూడు సెకన్లు పడుతోంది. లాగ్‌లో 'మొదలు', 'పూర్తి' తప్ప ఏమీ లేదు. మధ్యలో ఏం జరుగుతోందో తెలిసేదెలా?
– ఒక ప్రోగ్రామర్, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: డిస్కు మార్చమనో, ర్యామ్ పెంచమనో ఎవరైనా చెబితే అప్పుడే డబ్బు పెట్టకండి. సేవ్ చేయమని కెర్నెల్‌ను అడిగాక, జవాబు వచ్చేదాకా లోపల ఏం జరిగిందో మీ ప్రోగ్రామ్‌కు తెలియదు. ఇక లాగ్ ఏం చెబుతుంది?

చాలామంది ముందు ఎస్‌ట్రేస్ నడుపుతారు. ఏ సిస్టమ్ కాల్‌కు ఎంతసేపు పట్టిందో అది చూపిస్తుంది. అయితే ప్రతి కాల్‌కూ వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ప్రోగ్రామ్‌ను ఆపుతుంది కాబట్టి రద్దీలో వాడితే కౌంటర్ దగ్గర క్యూ పెరుగుతుంది. పైగా ఎందుకు ఆగిందో చెప్పదు.

మీకు కావలసింది 2008లో స్టీవెన్ రోస్టెడ్ లైనక్స్‌లోకి తెచ్చిన ఎఫ్‌ట్రేస్. అందులో ట్రేస్ మార్కర్ అనే ఫైలుంది. మీ ప్రోగ్రామ్ అందులో 'బిల్లు 412 సేవ్ మొదలు' అని రాస్తే, ఆ లైను కెర్నెల్ నమోదు చేసుకునే సంఘటనల మధ్యలో, జరిగిన వరసలోనే కనిపిస్తుంది. షెడ్యూలర్, బ్లాక్ ఈవెంట్లు కూడా ఆన్ చేసి చూడండి. డిస్కుకు పోయిన అభ్యర్థన రెండు సెకన్లకు గాని తిరిగి రాకపోతే ఆలస్యం డిస్కు దగ్గరే. డిస్కు వెంటనే జవాబిచ్చినా మీ ప్రాసెస్‌కు సీపీయూ అందకపోతే, ఆ సమయంలో సీపీయూ ఎవరి చేతిలో ఉందో పేరుతో సహా అక్కడే ఉంటుంది. ట్రేస్ క్లాక్‌ను 'మోనో'కు మార్చడం మరవకండి. మామూలుగా ఉండే 'లోకల్' గడియారం సీపీయూల మధ్య కాస్త తేడా చూపవచ్చు, వరస తారుమారైతే పడ్డ శ్రమంతా వృథా.

ప్రశ్న: సోర్స్ కోడ్ మన దగ్గర లేని ప్రోగ్రామ్‌నూ ఇలా చూడవచ్చా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, గుడివాడ

జవాబు: చూడవచ్చమ్మా. 2012లో లైనక్స్ 3.5తో వచ్చిన యూప్రోబ్స్ ఇందుకే. మీరు చెప్పిన ఫంక్షన్ దగ్గర కెర్నెల్ ఒక బ్రేక్‌పాయింట్ పెడుతుంది. ప్రోగ్రామ్ అక్కడికి రాగానే నమోదు చేసుకుని, అసలు ఇన్‌స్ట్రక్షన్ నడిపించి ముందుకు పంపేస్తుంది. కెర్నెల్ సోర్సులో యూప్రోబ్స్ కోడ్ ఉన్న ఫైలు తెరవండి. రచయితలుగా పైనే రెండు పేర్లుంటాయి: శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్. మన వైపు వినబడే ఇంటిపేరు అంత కీలకమైన ఫైలు మీద చూడడం నాకు ఎంతో సంతోషం. మీరూ ఆ కోడ్ చదవాలని నా కోరిక.

సాధన మొదలుపెట్టేటప్పుడు అరుదుగా పిలిచే ఫంక్షన్‌ను ఎంచుకోండి. మెమరీ కోసం తరచూ పిలిచే మాలక్ లాంటివి వద్దు. పిలిచిన ప్రతిసారీ కెర్నెల్‌లోకి దిగి రావాలి కాబట్టి ప్రోగ్రామ్ బాగా నెమ్మదిస్తుంది.