ఇంటర్వ్యూ పిమ్మట వ్రాయు కృతజ్ఞతా లేఖ

ఉద్యోగపు ఇంటర్వ్యూ ముగించుకొని వచ్చిన బిడ్డచేత, మరునాటి లోపల, నాలుగు వాక్యముల కృతజ్ఞతా లేఖ వ్రాయింపుడని తల్లిదండ్రులను కోరుచున్నాము. ప్రైవేటు సంస్థకైనచో ఈ-మెయిలు చాలును. తమ కాలమును వెచ్చించినందులకు ధన్యవాదము, సంభాషణయందు తాను క్రొత్తగా తెలిసికొనిన ఒక విషయము, ఆ పనియందలి ఆసక్తి, ఇంతియే. ఇంటర్వ్యూ ఏ భాషలో జరిగినదో ఆ భాషలోనే వ్రాయవలెను. బళ్ళారిలో కన్నడమైనను, హోసూరులో తమిళమైనను, ఇంగ్లీషైనను సరియే. చిత్తుప్రతిని ఇంట తెలుగులో వ్రాసికొనిన తప్పులేదు. అయితే మన వినయము ఒక్కొక్కప్పుడు హద్దు మీరును. "తమ దయయే మా కుటుంబమునకు దిక్కు" అను ధోరణి పనికిరాదు. అది కృతజ్ఞత కాదు, యాచన. తండ్రియే వ్రాసి బిడ్డచేత సంతకము పెట్టించుటను మేము మెచ్చము. ఆ గదిలో జరిగినది తండ్రికేమి తెలియును?

ప్రభుత్వోద్యోగముల దారి వేరు. కేంద్ర ప్రభుత్వము 2016 జనవరి 1 నుండి గ్రూపు సి ఉద్యోగములకును, గెజిటెడు కాని గ్రూపు బి ఉద్యోగములకును ఇంటర్వ్యూలను తొలగించినది. సివిలు సర్వీసుల పరీక్షలో మాత్రము ఇంటర్వ్యూకు 275 మార్కులు కలవు. అచ్చట తన అభ్యర్థిత్వమునకు ఏ విధముగానైనను మద్దతు సంపాదింపజూచుట అనర్హతకు కారణము కాగలదని నిబంధన. బోర్డు సభ్యునికి పంపిన కృతజ్ఞతా లేఖయు అట్టి ప్రయత్నముగా భావింపబడవచ్చును. ఆ పరీక్షకు వెళ్ళిన బిడ్డచేత లేఖ వ్రాయింపకుడు.