వంశపారంపర్య రక్తదోషములు - గర్భవతుల సంరక్షణ

వివాహము నిశ్చయించునపుడు పెద్దలు వంశము, గోత్రము, జాతకము, ఆస్తిపాస్తులు విచారింతురు. వధూవరుల రక్తమును గూర్చి అడుగువారు మాత్రము అరుదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో ఈ విచారణ మిక్కిలి అవసరము. తెలుగు, కన్నడము, తమిళము కలసియున్న ఈ సీమలో మేనరికములు, అక్క కూతురిని చేసికొనుట చిరకాలపు ఆచారములు. ఆ ఆచారము లేని వర్తక కుటుంబములలో సైతము సంబంధములు తెలిసిన కొలది ఇండ్ల నడుమనే తిరుగుచుండును.

రక్తదోషమనగా నేమి?

రక్తమునకు ఎరుపునిచ్చి, ప్రాణవాయువును శరీరమంతటికి చేర్చు పదార్థము హీమోగ్లోబిన్. దాని నిర్మాణమునకు వలయు బీటా జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి బిడ్డకు సంక్రమించును. ఒకటి మాత్రమే లోపమైనచో ఆ మనిషిని వాహకుడందురు. అతడు ఆరోగ్యముగనే తిరుగుచుండును. తన లోపమును జీవితాంతము ఎరుగకపోవచ్చును. రెండును లోపమైనచో థలసీమియా గాని, సికిల్ సెల్ వ్యాధి గాని కలుగును. తీవ్రమైన థలసీమియా గల శిశువు తొలి రెండేండ్లలోనే పాలిపోవును. పిదప కొన్ని వారముల కొకమారు రక్తమెక్కించుచు పోవలసినదే. సికిల్ సెల్ దోషము దూరదేశపు మాట కాదు. 1952లోనే నీలగిరి కొండజాతులలో దీనిని కనుగొనిరి.

వంశపు లెక్క

దంపతులిరువురు వాహకులైనచో ప్రతి గర్భమునందును నాలుగు పాళ్లలో ఒక పాలు వ్యాధికి, రెండు పాళ్లు వాహకత్వమునకు, ఒక పాలు నిర్దోషమునకు అవకాశము గలదు. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చినది గనుక తరువాతి ముగ్గురికి రాదనుట పొరపాటు. ప్రతిమారు లెక్క మొదటికే వచ్చును.

భారతదేశమున బీటా థలసీమియా వాహకులు నూటికి సుమారు 3 నుండి 4 గురు. వాహకుడు బయటి సంబంధము చేసికొన్నచో భార్యయు వాహకురాలగు అవకాశము ఇంచుమించు అంతే. అక్క కూతురిని చేసికొన్నచో అది నూటికి 25 వరకు, మేనత్త లేక మేనమామ కూతురినైనచో 12 పైగా పెరుగును. చుట్టరికము దోషమును పుట్టింపదు. వంశములో దాగియున్న దానిని రెండు వైపుల నుండి ఒకచోట చేర్చును.

గర్భవతి విషయము

వాహకురాలికి గర్భకాలమున రక్తము మరికొంత తగ్గును. చూపునకు అది ఇనుము కొరతవలెనే కనబడును. మాత్రలు మ్రింగుచున్నను హీమోగ్లోబిన్ పెరుగనిచో, ఎర్రకణములు చిన్నవై యుండియు సంఖ్య తగ్గకున్నచో, థలసీమియాను శంకింపవలెను. హెచ్.పి.ఎల్.సి. పరీక్షలో హీమోగ్లోబిన్ ఎ2 భాగము 3.5 శాతము మించుట బీటా వాహకత్వమునకు గుర్తు. ఫోలిక్ ఆమ్లపు మాత్రలు ఈమెకు అవసరము. ఇనుము ఎంత వాడవలెనో ఫెరిటిన్ పరీక్ష చూచి వైద్యుడు చెప్పును. తమంత తాము మానరాదు.

సికిల్ సెల్ వ్యాధి గల గర్భవతికి ఎముకల నొప్పులు, అంటురోగములు, రక్తపు పోటు కలుగు ప్రమాదము హెచ్చు. శరీరమున నీరు తగ్గినచో నొప్పులు విజృంభించును. కావున నీరైనను ముట్టని ఉపవాసము ఆమెకు తగదు. ప్రసవము రక్తనిధి గల ఆసుపత్రిలోనే జరుగవలెను.

రక్తమెక్కించుకొనుచు పెరిగిన థలసీమియా యువతులు సైతము నేడు తల్లులగుచున్నారు. అయితే గర్భమునకు ముందే గుండె, కాలేయములలో చేరిన ఇనుమును, మధుమేహమును, థైరాయిడును పరీక్షించి మందులు మార్చుకొనవలెను.

కాలమే ముఖ్యము

గర్భము తెలిసిన నెలలోనే భార్యకు పరీక్ష చేయించవలెను. ఆమె వాహకురాలని తేలినచో భర్తకు ఆ వారమే చేయించవలెను. ఇరువురు వాహకులైనచో 11 నుండి 14 వారముల నడుమ మావి నుండి కొద్ది కణములు తీసి, లేక 15 వారములు నిండిన పిదప ఉమ్మనీరు తీసి, శిశువు స్థితిని తెలిసికొనవచ్చును. గర్భస్రావ విషయమై 1971 నాటి చట్టము, 2021లో చేసిన సవరణ గలవు. కాని అహింసను వ్రతముగ బూనిన కుటుంబమునకు అది ఎంత బరువైన నిర్ణయమో చెప్పనక్కరలేదు. ముందుగ తెలిసినచో బిడ్డను కనదలచిన దంపతులు చికిత్సకైనను సిద్ధపడగలరు. ఎముక మజ్జ మార్పిడి అట్టి చికిత్స. తోబుట్టువు మజ్జ సరిపడినచో మేలు.

ఈ సంకటము రాకుండుటకు మార్గము పెండ్లికి ముందు పరీక్షయే. అందుకు కావలసినది కొద్దిపాటి రక్తము మాత్రమే. హోసూరునకు బెంగళూరు సుమారు 40 కిలోమీటర్ల దూరమే. కృష్ణగిరిలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో ప్రారంభమైనది. పెద్ద వైద్యమునకు రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాల గలదు.

వాహకత్వము రోగము కాదు, అపకీర్తి అంతకన్న కాదు. వాహకురాలైన కన్య నిర్దోషియైన వరుని నిస్సంశయముగ వివాహమాడవచ్చును. వ్యాధి గల బిడ్డ పుట్టినచో కోడలిని నిందించుట అన్యాయము. ఆ బిడ్డకు లోపము తల్లి నుండి సగము, తండ్రి నుండి సగము వచ్చినది. జాతకములతోపాటు రక్తపరీక్ష కాగితములను కూడ ఇరువైపుల పెద్దలు చూచుకొనుట ఆరంభించినచో, రాబోవు తరమునకు అది గొప్ప మేలగును.