ఆ కవరు ఓనరుది కాదు, అల్లుడూ



ఆదివారం ఫోన్లో మాటల మధ్య ఒక మాట అని వదిలేశావు. "కౌన్సిల్ నుంచి ఏదో కవరు వచ్చింది మామయ్యా, ఓనరుదే అయ్యుంటుంది, ఆయన వచ్చినప్పుడు ఇచ్చేస్తాం" అన్నావు. ఇంతలో మీ అమ్మ ఫోను లాక్కుని అన్నం ఏం వండుకుంటున్నావో అడగడంతో మాట అటు మళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. ఆ కవరు మీద ఓనరు పేరు ఉండి ఉండదు. 'ది ఆక్యుపయర్' అని ఉంటుంది. అంటే ఆ ఇంట్లో కాపురం ఉంటున్నవాళ్ళు. అంటే మీరు నలుగురు. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువుకో. మిగతా ముగ్గురి చేతా చదివించు.

నువ్వు అలా అనుకోవడంలో తప్పేం లేదు. మనం పెరిగిన తీరు అది. మీ తాతయ్య మున్సిపాలిటీలో బిల్ కలెక్టరు. నా చిన్నప్పుడు సెలవుల్లో ఆయన సైకిలు వెనక కూర్చుని వార్డులన్నీ తిరిగేవాణ్ణి. ఖాకీ సంచిలో డిమాండు పుస్తకం, రశీదు పుస్తకం, జేబులో కార్బన్ కాగితం. ఏ గుమ్మం ముందు ఆగినా ఆయన అడిగేది ఒకటే, "ఓనరు గారున్నారా?" అని. అద్దెకున్నావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి "వాళ్ళు గుంటూరులో ఉంటారండీ" అనేది. ఆయన మారు మాట్లాడకుండా సైకిలెక్కేవాడు. ఇల్లు ఓనరుది, పన్నూ ఓనరుదే. ఇప్పటికీ అంతే. ఆంధ్రలో 2021 నుంచి అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద ఇంటి పన్ను లెక్క కడుతున్నారు గానీ, కట్టేది మాత్రం ఓనరే. హైదరాబాదులో నాలుగేళ్ళు అద్దె ఇళ్ళలో ఉన్నావు కదా, ఇంటి పన్ను రశీదు ఎప్పుడైనా నీ కంటబడిందా?

నువ్విప్పుడున్న ఇంగ్లండులో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడి స్థానిక కౌన్సిల్ వేసే కౌన్సిల్ టాక్స్ ముందుగా పడేది ఆ ఇంట్లో నివాసం ఉంటున్నవాళ్ళ మీద. ఓనరు అక్కడే ఉంటే ఆయన కడతాడు. లేకపోతే అద్దెకున్నవాళ్ళు. ఎవరూ కాపురం లేకపోతేనే మళ్ళీ ఓనరు దగ్గరికి వెళుతుంది. ఇలా ఎందుకుందో తెలిస్తే నీకు మిగతాదంతా సులువుగా బుర్రకెక్కుతుంది. 1990లో థాచర్ ప్రభుత్వం ఇంగ్లండులో ఇంటి పన్ను తీసేసి తలకింత అని పన్ను వేసింది. పోల్ టాక్స్ అన్నారు దాన్ని. కోటీశ్వరుడికీ కూలివాడికీ ఒకే మొత్తం. జనం భగ్గుమన్నారు. ఆ ఏడాది మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర పెద్ద గొడవలయ్యాయి. నవంబరులో ఆమె పదవి పోవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. దాని స్థానంలో 1993 ఏప్రిల్ 1 నుంచి ఈ కౌన్సిల్ టాక్స్ వచ్చింది. సగం ఇంటి మీద, సగం ఇంట్లో మనుషుల మీద అన్న ఊహతో కట్టిన పన్ను ఇది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటారని ముందే అనుకుని బిల్లు వేస్తారు. ఒక్కరే ఉంటే మనుషుల సగంలో సగం, అంటే మొత్తం మీద 25 శాతం తగ్గిస్తారు. నలుగురున్నా ఆరుగురున్నా ఇద్దరికి మించి పెరగదు.

ఇంటి విలువ కూడా ఈనాటిది కాదు. 1991 ఏప్రిల్ 1న ఆ ఇల్లు ఎంతకు పోయి ఉండేదో చూసి ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది బ్యాండుల్లో ఒకదాంట్లో వేశారు. నిరుడు కట్టిన ఇంటికైనా 1991 ధరే. మీ ఇల్లు బి బ్యాండు అన్నావు కాబట్టి, అప్పట్లో నలభై వేల పౌండ్లు దాటి యాభై రెండు వేల లోపు పలికే ఇల్లన్నమాట.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. మీ అత్తయ్యకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను 2006లో ఉద్యోగం మీద ఇంగ్లండు వెళ్ళినప్పుడు మిడ్‌లాండ్స్‌లో ఒక చిన్న ఇల్లు తీసుకున్నాను. మీ అత్తయ్య ఏడు నెలల తర్వాత గానీ రాలేదు. అగ్రిమెంటులో 'అద్దెలో బిల్లులు కలిసిలేవు' అని ఉంది. బిల్లులంటే కరెంటు, గ్యాసు, నీళ్ళు అనుకున్నాను. మన భాషలో పన్ను వేరు, బిల్లు వేరు కదా. తలుపుకున్న ఉత్తరాల సందులోంచి గోధుమరంగు కవర్లు పడేవి. వాటి మీద నా పేరు లేదు కాబట్టి ఓనరువే అనుకుని మెట్ల కింద అలమారలో పేర్చాను, ఆయనొచ్చినప్పుడు ఇద్దామని. నువ్వన్న మాటే చూడు. తర్వాత ఏజెంటు నా పేరు కౌన్సిలుకి ఇచ్చినట్టున్నాడు, నా పేరు మీదే రావడం మొదలైంది. అప్పుడూ తెరవలేదు. ఒక శుక్రవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మంలో మేజిస్ట్రేట్ కోర్టు సమన్లు పడి ఉన్నాయి. చలికోటు విప్పకుండానే మెట్ల మీద కూర్చుని, అలమారలోని కవర్లన్నీ వరసగా చించి చదివాను. మొదటి దాంట్లో బిల్లు, తర్వాత గుర్తుచేస్తూ ఒక ఉత్తరం, ఆ తర్వాత వాయిదాల హక్కు పోయిందని, ఏడాది మొత్తం ఒకేసారి కట్టమని. బిల్ కలెక్టరు కొడుకుని. నాన్న బతికుంటే ఆయనకి ఏమని చెప్పేవాణ్ణో తెలియలేదు.

సోమవారం సెలవు పెట్టి కౌన్సిల్ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటరులో ఉన్నావిడ ఓపిగ్గా విని, ఒక్కణ్ణే ఉంటున్నానని ఎందుకు చెప్పలేదని అడిగింది. చెప్పాలని నాకు తెలియదు. ఆ ఏడు నెలలకీ 25 శాతం తగ్గించి రాసింది. కోర్టు ఖర్చులు మాత్రం తగ్గలేదు. ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బులోంచి కట్టాను. మీ అమ్మ ఆ నెల ఎందుకు తక్కువ పంపావని అడిగితే టికెట్టు కొన్నానని చెప్పాను.

అందుకే నీ మాట వినగానే గుండె ఝల్లుమంది.

ఇక మీ ఇంటికి వద్దాం. ముందు తెలుసుకోవాల్సింది అగ్రిమెంటు ఎలా ఉందని. ఓనరు గదికొక అగ్రిమెంటు చొప్పున విడివిడిగా అద్దెకిచ్చి, వంటిల్లు, బాత్‌రూము అందరికీ ఉమ్మడిగా ఉంటే మామూలుగా కౌన్సిల్ టాక్స్ ఓనరుదే. మీది అలా కాదు, నలుగురి పేర్లతో ఇల్లంతటికీ ఒకటే అగ్రిమెంటు అన్నావు. కాబట్టి బాధ్యత ఇంట్లో ఉన్న మీది. "అద్దెలో కలిపేశానులే" అని ఓనరు నోటిమాటగా అంటే నమ్మి ఊరుకోవద్దు. అది మీకూ ఆయనకూ మధ్య మాట. అది నిజమైతే అగ్రిమెంటులో రాయించుకోండి. కౌన్సిల్ మాత్రం ఆయన కట్టకపోతే మీ తలుపే కొడుతుంది.

మీ నలుగురిలో ముగ్గురు చదువుకుంటున్నారు, ఒకడు ఉద్యోగస్తుడు. అందరూ పూర్తికాల విద్యార్థులైతే ఇంటికి పన్నే ఉండదు. ఆ ఒక్కడి వల్ల లెక్క మారుతుంది. మీ ముగ్గుర్నీ లెక్కలోంచి తీసేస్తారు, ఒక్కడే మిగులుతాడు, 25 శాతం తగ్గింపుతో బిల్లు అతని పేరున వస్తుంది. 2025–26కి ఇంగ్లండు మొత్తం మీద డి బ్యాండు సగటు 2,280 పౌండ్లు. బి బ్యాండుకి అందులో తొమ్మిదింట ఏడు వంతులు, అంటే సుమారు 1,773. పావు తీసేస్తే 1,330. మీ ఊరి రేటు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, బిల్లు మీద చూసుకో. మీరు ఏడాది మధ్యలో చేరారు కాబట్టి చేరిన రోజు నుంచి మార్చి 31 దాకా రోజుల లెక్కన వేస్తారు. చట్టప్రకారం మీ ముగ్గురి దగ్గర ఆ పన్ను వసూలు చేయరు. కానీ ఆ కుర్రాడు మీతో సమానంగా అద్దె కడుతూ ఈ బరువంతా ఒక్కడే మోయాలా, మీరు తలా కొంత వేసుకోవాలా అన్నది ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. నన్నడిగితే కొంత వేసుకోవడమే మర్యాద. అతని భార్య మార్చిలో వస్తుందన్నావు. ఆమె దిగిన రోజు నుంచి విద్యార్థులు కానివాళ్ళు ఇద్దరవుతారు, 25 శాతం తగ్గింపు పోతుంది. ఆ సంగతి అతనే కౌన్సిలుకి చెప్పాలి. దాచిపెట్టి తగ్గింపు అనుభవిస్తే తర్వాత వెనక్కి వసూలు చేయడమే కాదు, 70 పౌండ్ల జరిమానా కూడా వేయొచ్చు.

విద్యార్థివని కౌన్సిలుకి దానంతట అదే తెలిసిపోతుందని అనుకోవద్దు. యూనివర్సిటీ నుంచి కౌన్సిల్ టాక్స్ సర్టిఫికెట్ అడిగి తీసుకుని పంపాలి. ఏడాదిలో కనీసం 24 వారాలు, వారానికి కనీసం 21 గంటల చదువు ఉండే ఏడాది కోర్సైతే పూర్తికాల విద్యార్థి కింద లెక్క. మీ ఎమ్మెస్సీలకి ఇబ్బంది లేదు.

మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ కాదు, కోర్సు అయిపోయాక. సర్టిఫికెట్టు మీద కోర్సు ముగిసే తేదీ ఉంటుంది. ఆ మర్నాటి నుంచి నువ్వు విద్యార్థివి కావు. కాన్వొకేషన్ ఇంకా కాకపోయినా, గ్రాడ్యుయేట్ వీసా చేతికి రాకపోయినా, ఉద్యోగం దొరక్క ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటున్నా సరే, పన్ను మొదలవుతుంది. వచ్చే సెప్టెంబరులో మీ ముగ్గురికీ ఒకేసారి అవుతుంది. అప్పటికీ అదే ఇంట్లో ఉంటే పూర్తి బిల్లు అందరి పేర్ల మీదా పడుతుంది. ఉమ్మడి అగ్రిమెంటులో ఒక్కొక్కరూ మొత్తం బాకీకి బాధ్యులే. ఒకడు చెప్పాపెట్టకుండా ఇండియా విమానమెక్కేస్తే అతని వాటా మిగిలినవాళ్ళు కట్టాల్సిందే. స్నేహాలు చెడేది ఇలాంటి చోటే. ఇప్పటి నుంచే నెలకి కాస్త పక్కన పెట్టుకో.

ఇంకొకటి, ఇది వీసాకి సంబంధించింది. ఒంటరిగా ఉన్నందుకు ఇచ్చే 25 శాతం తగ్గింపు, విద్యార్థి మినహాయింపు నిర్భయంగా తీసుకోవచ్చు. కానీ ఆదాయం తక్కువని ఇచ్చే 'కౌన్సిల్ టాక్స్ రిడక్షన్' అని ఒకటుంది. అది 'పబ్లిక్ ఫండ్స్' కిందికి వస్తుంది. మీ వీసాల మీద పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదని షరతు ఉంటుంది. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆన్‌లైన్ ఫారంలో ఎవరో సలహా ఇచ్చారని దాని మీద టిక్కు పెట్టావంటే రేపు వీసా దగ్గర నువ్వు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ ఫారం జోలికి పోవద్దు.

కట్టడం కష్టమేమీ కాదు. మామూలుగా ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది వాయిదాలు, అడిగితే పన్నెండు చేస్తారు. ఒకటి తప్పితే ఏడు రోజుల గడువుతో ఉత్తరం వస్తుంది. అప్పుడైనా కట్టేస్తే సరిపోతుంది. ఊరుకుంటేనే సమన్లు, బాకీ కట్టి తీరాలని కోర్టు ఇచ్చే లయబిలిటీ ఆర్డరు, వసూలుకి ఇంటికి బెయిలిఫ్‌లు, లేదా జీతంలోంచి కోత. చేతిలో డబ్బు లేని నెల వస్తే, ఆ ఏడు రోజుల్లోపే ఫోను చేసి ఉన్న సంగతి చెప్పు. నాకు తెలిసి, ముందుగా ఫోను చేసినవాడికి వాళ్ళు దారి చూపించారు.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అగ్రిమెంటు ఎప్పటితో ముగుస్తుందో చూసుకో. తాళం ఇచ్చేసినా గడువు ఇంకా ఉంటే పన్ను నీ మీద నడవొచ్చు. వెళ్ళే తేదీ, కొత్త చిరునామా నువ్వే రాసి పంపు. ఎక్కువ కట్టి ఉంటే తిరిగి ఇస్తారు.

డబ్లిన్‌లో ఉన్న నీ స్నేహితుడు ఓనరే కడతాడన్నాడు కదా. అతనన్నది నిజమే, ఐర్లండులో ఇంటి పన్ను మామూలుగా ఓనరుదే, అమెరికాలోనూ అంతే. అక్కడి మాట మీ దగ్గర చెల్లదు. గ్లాస్గోలో ఉన్న మన పిన్ని కూతురికి మళ్ళీ ఇంకోలా ఉంటుంది, వాళ్ళ బిల్లులో నీళ్ళ డబ్బులు కూడా కలిసి వస్తాయి. బెల్‌ఫాస్ట్‌లో అసలు కౌన్సిల్ టాక్సే లేదు, వాళ్ళది రేట్స్ అని వేరే పద్ధతి. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి నియమం చూసుకోవాలి.

ఈ ఉత్తరం చదవగానే ఆ కవరు తెరిచి, లోపలి కాగితం రెండు వైపులా ఫొటో తీసి నాకు పంపు. శనివారం మీకు సాయంత్రమైనా నాకు అర్ధరాత్రైనా ఫర్వాలేదు, నలుగురూ కూర్చుని నాకు ఫోను చేయండి.

ఇట్లు,
మామయ్య