బొబ్బిలి రాణి మల్లమ్మదేవి – ఒక పరిశీలన

పోరాటమనగానే రాజవొమ్మంగి విద్యార్థులమైన మనకు 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు ఇచ్చటి పోలీసు ఠాణాపై జరిపిన దాడి స్ఫురించును. అది పరాయి ప్రభుత్వముపై సాగిన పోరు. అంతకు 165 ఏండ్ల పూర్వము ఇరుగుపొరుగు తెలుగు సంస్థానముల మధ్య జరిగిన పోరు ఒకటి కలదు. అందు చిక్కుకొన్న స్త్రీమూర్తి బొబ్బిలి రాణి మల్లమ్మదేవి.

విజయనగరపు పూసపాటివారికి, బొబ్బిలి వెలమదొరలకు చిరకాల వైరము. ఏటినీటి తగవులు దానిని పెంచినవి. 1753లో నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చెను. విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీతో చెలిమి చేసి, అతని సేనను పొరుగువానిపైకి మళ్లించెను. రంగారావు కోటను విడువనొల్లలేదు. 1757 జనవరి 24న ఫిరంగులు ఆ మట్టికోటపై గర్జించినవి.

కోట నిలువదని తేలినప్పుడు, శత్రువుల చేజిక్కరాదని లోపలివారే తమ స్త్రీలను, పిల్లలను హతమార్చి ఇండ్లకు నిప్పంటించిరి. మల్లమ్మదేవి జీవితము నాడే ముగిసెనని జనశ్రుతి. ఒక వృద్ధుడు కాపాడిన పసి రాకుమారుడు బ్రతికెను. కొలది దినములలోనే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో జొరబడి విజయరామరాజును వధించెను. అతడు మల్లమ్మ సోదరుడని కథలు చెప్పును.

బుర్రకథ వినునప్పుడు పాపారాయుని పౌరుషమునకు మన రోమములు నిక్కబొడుచుకొనును. అది సహజమే. కాని ఆ ప్రతీకారము వలన మల్లమ్మ తిరిగి రాలేదు. కోట విడుచుటయా, పోరుటయా అను నిర్ణయము దొరలది. దాని మూల్యమును చెల్లించినది అంతఃపురము, అందలి పసిబిడ్డలు. ఆమె మరణమును కీర్తించి ఊరకుండుట కంటె, ఆమెకు మరియొక దారి ఏల లేకపోయెనని ప్రశ్నించుట మేలని మా అభిప్రాయము.

తరువాతి కథయు గమనింపదగినది. విజయరామరాజు వారసుడైన ఆనందగజపతిరాజు ఫ్రెంచివారిని వెడలగొట్టుటకు ఇంగ్లీషువారిని పిలిచెను. 1758 డిసెంబరులో పిఠాపురము చేరువనున్న చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిరి. 1794లో ఆ ఇంగ్లీషువారే పద్మనాభము వద్ద విజయనగర ప్రభువును ఓడించిరి. ఆయన రణరంగముననే నేలకొరిగెను. ఇరుగుపొరుగుల పగ చివరకు పరాయివానికి తలుపు తెరచినది.

నేడు బొబ్బిలిలో ఆ యుద్ధమునకు స్మారక స్తంభము కలదు. దాని యెదుట నిలిచినప్పుడు కత్తి పట్టినవారితోపాటు, కత్తికి బలియైన ఆ తల్లులను, బిడ్డలను కూడ తలచుకొందము. ఊరి కాలువ నీటికో, గట్టు తగవుకో మాట పెరిగినప్పుడు, ముందుగా ఇంటిలోనివారిని తలచుకొని ఒక్క అడుగు వెనుకకు వేయుట పిరికితనము కాదని మల్లమ్మ కథ మనకు నేర్పుచున్నది.