ఆఫీసులో అడుగు నాన్నా

తెనాలి

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పెట్టిన మెసేజీ మళ్లీ మళ్లీ చదివాను. అల్గారిథమ్స్ సబ్జెక్టు అంతుపట్టడం లేదనీ, ఈ సెమిస్టరుకి దాన్ని వదిలేసి ఆ టైములో ఎవరిదో స్టోరులో సాయంత్రాలు పనిచేస్తాననీ రాశావు. చివర్లో "సీనియర్లు ఏం కాదంటున్నారు పెద్దమ్మా" అన్నావు చూడు, ఆ మాట దగ్గరే నా ప్రాణం ఆగిపోయింది. మీ అమ్మకి చెప్పలేదు. చెప్తే అన్నం మానేస్తుంది.

నా ఉద్యోగమంతా కాలేజీ ఆఫీసులోనే గడిచిందని నీకు తెలుసు. ఆఖరి తేదీ దాటాక కౌంటరు కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చిన పిల్లలు అందరూ చెప్పిన మాట ఒకటే: "ఫలానా అన్న పర్వాలేదన్నాడు మేడమ్." ఆ అన్న చెప్పింది కిందటేటి రూలు. లేదా వాళ్ల కోర్సు రూలు. కిటికీ దాకా వచ్చి అడిగితే నిమిషంలో తేలిపోయేది. అడగడానికి మొహమాటం. బయట వేపచెట్టు కింద నిలబడి ఎవడో ఒక స్నేహితుణ్ని లోపలికి పంపేవాళ్లు. వాడు సగం విని, సగం మరిచిపోయి వెళ్లేవాడు.

మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల కోసం ఒక ఆఫీసు ఉంది కదా. అక్కడ డీఎస్ఓ అని అధికారి ఉంటారు. నీ వీసాకి ఆధారమైన ఐ-20 కాయితం ఇచ్చిందీ, సెవిస్ అనే ప్రభుత్వ కంప్యూటర్లో నీ రికార్డు చూసేదీ వాళ్లే. మన వీధిలో పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అమెరికా ప్రభుత్వం వాళ్ల సైటంతా చదివించుకున్నాను. సబ్జెక్టు వదలాలంటే ప్రొఫెసరు సరే అంటే చాలదట. ఫుల్‌టైముకి కావాల్సిన క్రెడిట్ల కంటే తగ్గకముందే డీఎస్ఓ అనుమతి ఉండాలట. ముందు వదిలేసి తర్వాత వెళ్లి చెప్తే రికార్డు టెర్మినేట్ అయ్యే ప్రమాదం ఉంది. అనుమతి అసలు ఇవ్వరని కాదు. ఒంట్లో బాగోకపోతే డాక్టరు ఉత్తరం మీద ఇస్తారు. కొత్తగా వచ్చి అక్కడి చదువు పద్ధతి అందక తడబడేవాళ్లకి ఇస్తారు. ఆఖరి సెమిస్టరులో మిగిలినవి తక్కువైనా ఇస్తారు. నీది ఏ కోవలోకి వస్తుందో చెప్పాల్సింది వాళ్లు, నీ సీనియర్లు కాదు.

స్టోరు సంగతి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు. క్లాసులు జరుగుతున్నన్నాళ్లూ క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, అంతే. బయట చేతికి నగదు ఇచ్చే పని వద్దు. వద్దంటే వద్దు.

వేళకి తింటున్నావా? మొన్న వీడియోలో మెడ ఎముకలు కనిపించాయి.

సీనియర్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి వచ్చి నిన్ను తీసుకెళ్లి అన్నం పెట్టింది వాళ్లే. ఆ రుణం గుర్తుంచుకో. కానీ 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు నువ్వు చిన్నపిల్లాడివి. అక్కడ చేరినవాళ్లలో ఎక్కువమంది మన ఆంధ్రా పిల్లలే. కొందరి కాళ్లకి జాడ కనిపెట్టే పట్టీలు తగిలించారు. టీవీలో ఆ కాళ్లు చూపిస్తుంటే మీ పెదనాన్న లేచి వెళ్లిపోయారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ అని ఇంకోటి. అది ప్రభుత్వం వాళ్లే వలపన్నడానికి పెట్టిన కాలేజీ. పిల్లల్ని అందులో చేర్పించారని పట్టుబడ్డ ఎనిమిది మందీ మన తెలుగు కుర్రాళ్లే. "క్లాసులుండవు, మొదటి రోజు నుంచే సీపీటీ అనే అనుమతి మీద పని చేసుకోవచ్చు" అని ఒకరు చెబితే ఇంకొకరు నమ్మారు. రేపు నీతో కూడా ఎవరైనా చవగ్గా ఉండే కాలేజీకి మారమంటారు. అప్పుడూ ముందు ఆఫీసులో అడగాలని గుర్తుపెట్టుకో.

మా రోజుల్లోనూ ఇంతే. వైజాగ్‌లో చదువుకునేటప్పుడు నా గదిలో పలాస వైపు అమ్మాయి ఉండేది. సముద్రం గాలికి రాత్రిళ్లు కిటికీ తలుపులు కొట్టుకుంటుంటే లేచి గుడ్డ కుక్కి వచ్చేది, నా నిద్ర పాడవకూడదని. లెక్కల్లో దిట్ట. రెండో ఏడు స్కాలర్‌షిప్ ఫారం మళ్లీ పెట్టక్కర్లేదని ఒక సీనియరు చెప్పింది. తనకి అలాగే వచ్చింది మరి. ఈ పిల్లకి రాలేదు. వాళ్ల నాన్న జీడితోట తాకట్టు పెట్టి ఫీజు కట్టారు. ఆదివారం బీచ్ రోడ్డులో మేమంతా ముంత మసాలా తింటుంటే తను ఆకలి లేదనేది. ఆకలి లేకేం! తర్వాత టీచరు ఉద్యోగం చేసి తోట విడిపించుకుంది. వేసవిలో నీకు పంపిన జీడిపప్పు ఆ తోటదే.

అందుకని సోమవారం పొద్దున్నే ఆ విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లు. వెళ్లేముందు మెయిలు రాయి. నోటిమాటతో వదిలెయ్యకు. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో నోటు చేసుకో. వాళ్ల జవాబు ప్రింటు తీసి ఫైల్లో పెట్టు. ఒక గట్టి అట్టల ఫైలు కొనుక్కో, పల్చటి ప్లాస్టిక్‌ది కాదు. ఐ-20లు పాతవి కూడా పారెయ్యకు, అన్నీ అందులోనే ఉండాలి. ఇల్లు మారితే పది రోజుల్లోపు చెప్పాలి, ఆ మెయిలూ అందులోనే. ఇండియాకి వచ్చేముందు ఐ-20 మీద ప్రయాణం సంతకం తాజాగా ఉందో లేదో చూసుకో. ఇన్నిసార్లు చెబుతున్నానని విసుక్కోకు. కాయితం సరిగ్గా ఉన్న పిల్లాడు ఎవరి ముందూ తల వంచక్కర్లేదు, నేను కళ్లారా చూశాను.

అల్గారిథమ్స్ పంతులుగారికి ఆఫీస్ అవర్స్ ఉంటాయన్నావు. ఒక్కసారైనా వెళ్లావా? అర్థం కాలేదని నోరు తెరిచి చెప్పు.

లోను గురించి నువ్వు కంగారుపడుతున్నావని నాకు తెలుసు. స్టోరు ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. కంతులు మొదలయ్యేది నీ చదువు అయ్యాకే. ఈలోపు వడ్డీకి నాన్న దగ్గర సర్దుబాటు కాని నెల పెదనాన్నా నేనూ చూసుకుంటాం. ఇది మీ నాన్నతో మాట్లాడేశాను, నువ్వు మళ్లీ ఎత్తకు.

కరివేపాకు పొడి, సున్నుండలు పార్సిల్ కట్టాను. బుధవారం కొరియర్‌కి ఇస్తున్నాం. నీ అపార్ట్‌మెంటు నంబరు 'బి'నా 'డి'నా రాయి, కిందటిసారి రాత అర్థం కాలేదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ